పాలబండి ఇంజను ఆయిల్ తాగుతున్నదా?

వేసవిలో పాలబండి దారిలో ఆగితే పాలు విరగడానికి కొద్ది గంటలు చాలు. అట్లని 1986లో వచ్చిన టాటా 407 వంటి పాత బండి ఆయిల్ తాగుతున్నదనగానే రీబోరుకు అప్పు చేయవద్దనీ, ముందు కారణం చూడవలసిందనీ సంఘాలవారికి మనవి చేస్తున్నాము.

ఆయిల్ పోయే దారులు రెండే: కారడం, కాలడం. ఇంజను కడిగి, తుడిచి, సుద్దపొడి చల్లి కొంతదూరం నడపండి. ముందుగా తడిసినదే అసలు చోటు. పైన కారిన ఆయిల్ కిందికి పాకుతుంది గనుక, తడిసినంతమాత్రాన తప్పు సంపుది కాదు.

బ్రీదరు గొట్టం పూడితే లోపలి ఒత్తిడికి కొత్త సీళ్ళూ కారతాయి. దానిని కడగడానికి ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ చూడరు!

ఎత్తు ఎక్కేటప్పుడు ఎడతెగని నీలిపొగ వస్తే రింగులు, బోరు అరిగినట్లు. అప్పుడు సీళ్ళు మార్చి లాభం లేదు. పొద్దున స్టార్టు చేయగానే కాస్త పొగ వదిలి తేరుకుంటే అనుమానం వాల్వుగైడ్లమీద.

వాల్వుకవరు కార్కు ప్యాకింగు చౌకే, కాని బలంకొద్దీ బిగిస్తే పగులుతుంది. వెనుక క్రాంకుసీలుకు గేరుబాక్సు దించాలి. సీలు కంటే కూలి ఎక్కువ. క్లచ్చిప్లేటు మార్చేనాడే అదీ వేయించండి. షాఫ్టుమీద గాడి పడి ఉంటే, కొత్త సీలు పెదవి అందులో పడకుండా రవ్వంత జరిపి కూర్చోబెట్టమనాలి.

లోయర్ ట్యాంక్ బండ్ వైపు పనిమీద వచ్చేవారు ట్యాంక్ బండ్ దాటితే రాణీగంజ్ స్పేరుపార్టుల దుకాణాలే. పాత సీలు, ఇంజను నెంబరు వెంట తేవాలి. లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ కలిస్తేనే కొనండి.

పోసిన ఆయిల్, తిరిగిన కిలోమీటర్లు డ్రైవరుచేత రాయించండి. గేజిపుల్ల పై గీత దాటి మాత్రం పోయనివ్వకండి.