ఫైళ్లను కుదించి పంపుట ఎప్పుడు లాభము?



విడి పత్తిని ప్రెస్సులో వేసి బేళ్లు కట్టినచో అదే బండిలో ఎక్కువ సరుకు పట్టును. దూది నడుమనున్న గాలి పోవుటయే ఇందుకు కారణము. కట్టిన బేలును మరల ప్రెస్సులో పెట్టినచో ఖర్చే గాని లాభము లేదు. ఫోనులోను, కంప్యూటరులోను ఉన్న ఫైళ్లను జిప్ చేసి పంపుటయు ఇట్టిదే.

జిప్ చేయుటయనగా, ఫైలులో మరల మరల వచ్చు భాగమును ఒకసారి మాత్రమే వ్రాసి, తక్కిన చోట్ల 'వెనుకటిదే' అని గుర్తు పెట్టుట. విప్పినప్పుడు ఒక్క అక్షరము పోకుండ మొదటి ఫైలు తిరిగి వచ్చును. ఈ పద్ధతికి మూలమును లెంపెల్, జివ్ అను శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించిరి. జిప్ ఫైళ్లు 1989లో వాడుకలోనికి వచ్చినవి.

వర్షపాతము, మార్కెట్టు ధరలు మున్నగు సి.ఎస్.వి. పట్టికలలో ఊరి పేరు, పంట పేరు వందల వరుసలలో వచ్చును. ఇట్టివి జిప్ చేసినచో సగమునకు మించి తగ్గుట సామాన్యము. కాని ఫోను తీసిన జె.పి.జి. ఫోటోలు, ఎం.పి.4 వీడియోలు ముందే కుదించబడిన బేళ్లు. 5 ఎం.బి. ఫోటోను జిప్ చేసినను ఇంచుమించు 5 ఎం.బి.యే ఉండును. ఇప్పటి ఎక్సెల్ ఫైలు (ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్.) లోపల జిప్పే గనుక దానికిని లాభము స్వల్పము.

జీమెయిలులో ఒక ఉత్తరమునకు 25 ఎం.బి. వరకే జతచేయవచ్చును. అంతకు మించిన వీడియోను జిప్ చేయుచు కూర్చుండక, డ్రైవులో ఉంచి లింకు పంపుడు. అయితే నలువది ఫోటోలను ఒకే మూటగా పంపవలెనన్న జిప్ మంచిదే. బరువు తగ్గకున్నను లెక్క తప్పదు.

ఇక రెండవ రకపు కుదింపు కలదు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినచో సూక్ష్మ వివరములు కొంత పోవును. పోయినవి మరల రావు. పెండ్లి ఫోటోకు ఇది చాలును గాని, తెగులు ఫోటోకు చాలదు.

నిరుడు ఖరీఫులో ఒక రైతు వరి ఆకు ఫోటో పంపి, యూరియా చల్లుటకు సిద్ధముగా నున్నానని వ్రాసిరి. మచ్చలు మసకగా నుండెను. అగ్గితెగులు మచ్చ నూలుకండె ఆకారమున, నడుమ బూడిద రంగుతో నుండును. గోధుమరంగు మచ్చ తెగులుదైనచో గుండ్రముగనో, కోడిగ్రుడ్డు ఆకారముననో ఉండును. రెండవది సారము తగ్గిన నేలలో హెచ్చు. మొదటిదానికి నత్రజని ఎక్కువైనచో నిప్పునకు గాలి తోడైనట్లే. ఆ ఫోటోనే 'డాక్యుమెంటు'గా పంపుడని కోరితిని. అది ఉన్నదున్నట్లు చేరినది. నూలుకండె మచ్చలు స్పష్టముగా కనిపించినవి. యూరియా ఆపించితిని.

కావున పంపబోవు ముందు ఈ మూడు విషయములు చూచుకొనుడు:

1. అక్షరములు, అంకెల ఫైలా? పెద్దదైనచో జిప్ చేయుడు.

2. ఫోటోయా, వీడియోయా? బరువు తగ్గుటకై జిప్ చేయకుడు. మూట కట్టుటకైనచో చేయుడు.

3. అందుకొనువారు సూక్ష్మముగా చూడవలెనా? అట్లయిన ఫోటోను కుదించక, డాక్యుమెంటుగా పంపుడు.

నాలుగు ఎం.బి.ల పొదుపు కొరకు నాలుగు ఎకరముల పైరును పణము పెట్టరాదు గదా!