పద్నాలుగు రోజులు ఎక్కడ ఉండి వచ్చావ్? క్వారంటైన్, వ్యాక్సిన్, మన గల్ఫ్ వాళ్ల గోస

 

పోయిన వారం మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. ఉగాండాలో ఉద్యోగం దొరికింది, టికెట్ బుక్ చేసుకోబోతున్నాడు. "అన్నా, ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుంటే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులనే పట్టుకొని ఆరు రోజులు లోపలేస్తరట, నిజమేనా? ఏజెంటేమో కార్డు సంగతి నేను చూసుకుంట అంటుండు" అన్నాడు.

నిజమేరా అన్నాను. వాడికి కోపం వచ్చింది. "ఇదేం అన్యాయం? నాకు జ్వరం లేకున్నా పెడ్తరా?"

సరిగ్గా ఇదే మాట 2021లో నేను అన్నాను. ఒక రోజు కాదు, పది నెలలు రోజూ అన్నాను. అందుకే ఇవాల్టి ఎపిసోడ్ దీని మీదే. కరోనా టైంలో బయటి దేశాల్లో బతికే మనవాళ్లని క్వారంటైన్ రూల్స్, వ్యాక్సిన్ రూల్స్ ఎలా తిప్పలు పెట్టాయి, అందులో ఏది న్యాయం, ఏది కాదు, మీరు రేపు విమానం ఎక్కేటప్పుడు దాంట్లోంచి ఏం నేర్చుకోవాలి. ఇది పాత ముచ్చటే కానీ, పనికిరాని ముచ్చట కాదు.

నేను ఎక్కడ ఇరుక్కున్నానంటే

నాది జగిత్యాల జిల్లా. సౌదీలో దమ్మామ్‌లో ఒక గోదాంలో స్టోర్‌కీపర్‌ని. 2020 నవంబర్‌లో చెల్లి పెళ్లికని వందే భారత్ విమానంలో ఇంటికొచ్చాను. అప్పటికే ఇండియా నుంచి సౌదీకి నేరుగా పోవడానికి లేదు. దుబాయ్‌లో 14 రోజులు ఉండి, టెస్టు చేయించుకుని, అక్కడి నుంచి పోవాలి. సరే అని 2021 ఫిబ్రవరి 6కి దుబాయ్ టికెట్ తీసుకున్నా. ఫిబ్రవరి 3న సౌదీ 20 దేశాల వాళ్లకి తలుపు మూసేసింది. అందులో ఇండియా ఉంది, దుబాయ్ ఉన్న యూఏఈ కూడా ఉంది. నాకంటే ముందు బయల్దేరి దుబాయ్ రూముల్లో రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. నేను ఇంట్లో ఇరుక్కున్నా. అంతే తేడా.

ఏప్రిల్ నెలాఖరులో మన దగ్గర సెకండ్ వేవ్ ముదిరింది. కువైట్, యూఏఈ కూడా ఇండియా విమానాలు ఆపేశాయి. ఆస్ట్రేలియా అయితే మే నెలలో రెండు వారాలు తన సొంత పౌరుల్నే ఇండియా నుంచి రావొద్దంది. వస్తే అయిదేళ్ల దాకా జైలు, 66 వేల డాలర్ల దాకా ఫైన్ అంది.

అసలు ఈ రోజుల లెక్కేంటి?

క్వారంటైన్ అనే మాట ఇటలీ వాళ్ల భాషలో 'నలభై' అనే మాట నుంచి వచ్చింది. 1377లో రగూసా అనే రేవు పట్నం, ఇప్పుడు క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అంటారు, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు ఊరి బయట ఉండాలని చట్టం చేసింది. తర్వాత అది 40 అయింది.

ఇక్కడ రెండు మాటలు కలిపేయొద్దు. రోగం ఉందని తేలినవాణ్ని విడిగా పెడితే అది ఐసోలేషన్. ఉందో లేదో తెలియనివాణ్ని తెలిసేదాకా ఆపితే అది క్వారంటైన్. కరోనాలో వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా ఐదారు రోజులు, ఎక్కువలో ఎక్కువ 14 రోజుల దాకా పడుతుంది. ఆ 14 అక్కడి నుంచి వచ్చింది. ఎల్లో ఫీవర్‌కి ఆరు రోజులు. అందుకే మా తమ్ముడు అడిగినట్టు "నాకేం లేదు కదా" అనడం కుదరదు. ఆ సంగతి ఇంకా తెలియలేదు కాబట్టే ఆపుతున్నారు.

నేను వచ్చినప్పుడు ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు ఉంది కాబట్టి హోటల్ ఖర్చు తప్పింది. ఇంట్లోనే 14 రోజులు. అమ్మ గడప అవతల పళ్లెం పెట్టి దూరం జరిగేది. "మూడేండ్లకు వచ్చినవ్, గిట్ల కుక్కకు పెట్టినట్టు పెడ్తున్న బిడ్డా" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. పక్క గదిలో మా నానమ్మ, 80 దాటింది. ఆ గోడ కోసమే నేను గదిలో ఉన్నాను. ఆ 14 రోజుల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కోపం వేరే 14 రోజుల మీద.

మూడో దేశం అనే మలుపు

దమ్మామ్‌లో నా రూమ్‌మేట్ ఒకాయన, రాజంపేట వైపు మనిషి, ఎలక్ట్రీషియన్. ఆయన కూడా సెలవు మీద వచ్చి ఇరుక్కున్నాడు. ఏప్రిల్‌లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాడు. మే 13న మన ప్రభుత్వం రెండో డోసుకి గడువు 12 నుంచి 16 వారాలకి పెంచింది. ఆయనకి గుండె జారిపోయింది. జూన్‌లో మళ్లీ, చదువుకీ ఉద్యోగానికీ బయటి దేశాలకి పోయేవాళ్లు 28 రోజుల తర్వాత వేయించుకోవచ్చన్నారు. పాస్‌పోర్టు నంబరు సర్టిఫికెట్‌కి లింక్ చేయించుకుని బయటపడ్డాడు.

ఇక మూడో దేశం వెతుకులాట. నేపాల్ ఏప్రిల్ నెలాఖరులోనే ఆ దారి మూసేసింది. మాల్దీవులు మేలో మూసి జూలై 15న తెరిచాయి. ఆగస్టులో మాల్దీవుల ప్యాకేజీ తీసుకున్నాడు. టికెట్లు, గెస్ట్‌హౌస్, టెస్టులు అన్నీ కలిపి లక్షన్నర పైనే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు.

వీడియో కాల్ చేసేవాడు. వెనక నీలం సముద్రం, ముందు కరెంటు కుక్కర్‌లో పప్పు. రెండు గదుల్లో ఐదుగురు మనుషులు. "అబ్బీ, జనం హనీమూన్‌కి వచ్చే చోటికి నేను పప్పన్నం తినడానికి వచ్చినా" అని నవ్వేవాడు.

ఇప్పుడు ఆలోచించండి. అది క్వారంటైనేనా? ఎవరూ ఆయన్ని గదిలో ఉంచలేదు. వేరే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లతో ఒకే పడవ ఎక్కాడు, ఒకే కొట్టులో కూరగాయలు కొన్నాడు. సౌదీ చూసింది ఒక్కటే, గత 14 రోజుల్లో నువ్వు ఇండియాలో లేవు కదా? రోజులు లెక్కపెట్టారు కానీ ఆ రోజులు ఎలా గడిచాయో ఎవరూ చూడలేదు. ఆ లెక్క ఖరీదు మాత్రం ఆయన రెండేళ్లు కట్టాడు.

అదే టీకా, వేరే కాగితం

మా జగిత్యాల అక్క ఒకామె రియాద్‌లో నర్సు. ఆమె రెండు డోసులూ సౌదీలోనే వేయించుకుని సెలవు మీద ఇంటికొచ్చింది. ఆగస్టు 24న సౌదీ ఒక రూల్ తెచ్చింది, తమ దేశంలో రెండు డోసులు వేసుకుని వెళ్లినవాళ్లు నేరుగా తిరిగి రావొచ్చని. ఆమె హాయిగా పోయింది.

ఆమె వేసుకున్నది ఆస్ట్రాజెనెకా. మా రూమ్‌మేట్ వేసుకున్న కోవిషీల్డ్ అంటే పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన అదే ఆస్ట్రాజెనెకా టీకా. రెండూ ఒకటేనని సౌదీ కూడా ఒప్పుకుంది. మరి ఈయన మాల్దీవులు ఎందుకు తిరిగాడు?

అక్కనే అడిగాను. ఆమె మాట సూటిగా ఉంటుంది. "నా రికార్డు తవక్కల్నా యాప్‌ల ఉంది తమ్మీ. గేటు కాడ ఫోన్ సూపిస్తే అయిపాయె. మీ కాగితం నిజమో అబద్ధమో వాళ్లకెట్ల తెలుస్తది? ఐసీయూల మనుషులు పోవుడు నేను కండ్లార సూసిన. ఆపుడు తప్పని నేననను."

నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లు నమ్మింది టీకాని కాదు, తమ కంప్యూటర్లో ఉన్న రికార్డుని.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. 2021 అక్టోబర్ 4 నుంచి, ఇండియాలో కోవిషీల్డ్ రెండు డోసులు వేసుకున్నవాళ్లని కూడా టీకా వేసుకోనివాళ్ల కింద లెక్కగట్టి 10 రోజులు క్వారంటైన్ అన్నారు. అదే ఏడాది మార్చిలో పుణె నుంచి 50 లక్షల డోసులు తెప్పించుకుని తమ జనానికి వేసుకున్న దేశం అది! అడిగితే, టీకాతో పేచీ లేదు, సర్టిఫికెట్‌తోనే అన్నారు. మన కోవిన్ సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ పూర్తిగా ఉండేది కాదు. ఇండియా ఊరుకోలేదు, బ్రిటన్ వాళ్లకీ 10 రోజులు పెట్టింది. వారం తిరక్కుండా అక్టోబర్ 11 నుంచి బ్రిటన్ రూల్ సడలించింది, రెండు రోజులకి మనవాళ్లూ తీసేశారు. వైరస్ మారలేదు, టీకా మారలేదు. మాట్లాడుకోవడం మారింది.

నా తప్పేంటి?

ఇక నా కథ. జూన్‌లో మా దగ్గర దొరికిన టీకా కోవాగ్జిన్. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసింది. మనదే కదా అని సంతోషంగా చేయి చాపాను. రెండు డోసులు అయ్యాక సౌదీ లిస్టు చూస్తే ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడర్నా, జాన్సన్ అండ్ జాన్సన్. నాది లేదు.

కోవాగ్జిన్ పనిచేయదని ఎవరూ తేల్చలేదు. 77.8 శాతం పనిచేస్తుందని పరీక్షల్లో వచ్చింది కూడా. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన అప్పటికి పూర్తికాలేదు. చాలా దేశాలు ఆ సంస్థ లిస్టునే చూస్తాయి. అమెరికాలో చదువులకి సీటొచ్చిన పిల్లల్ని కూడా కొన్ని యూనివర్సిటీలు మళ్లీ వేరే టీకా వేసుకోమన్నాయి.

ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడు. "ఆధార్ కాకుండా డ్రైవింగ్ లైసెన్స్ సూపియ్యి, వేరే ఫోన్ నంబరియ్యి, మొదటిసారి లెక్క కోవిషీల్డ్ ఏపిచ్చుకో." అలా వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. నేనూ వెళ్లి లైన్లో నిలబడ్డాను. ముందు రోజు మా డాక్టర్‌ని అడిగితే "రెండు రకాలు కలిపితే ఏమైతదో నాకు తెల్వదు, రూల్స్‌ల లేదు" అన్నాడు. అదే చెవిలో తిరుగుతోంది. లైన్లోంచి బయటికొచ్చేశాను. ధైర్యం లేక వచ్చానా, మంచి పని చేశానా అని ఇప్పటికీ చెప్పలేను.

కేరళలో నాలాంటి సౌదీ కార్మికుడే ఒకాయన ఇదే బాధతో హైకోర్టుకి వెళ్లాడు, నాకు కోవిషీల్డ్ వేయించండి అని. నవంబర్ మొదట్లో కోర్టు, కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లు ఎక్కడికీ పోలేక, కోవిషీల్డ్ వాళ్లు ఎక్కడికైనా పోగలిగి దేశంలో రెండు రకాల పౌరులు తయారయ్యారన్నట్టుగా మాట్లాడింది. అదే వారం, నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌కి ఆమోదం ఇచ్చింది. ఆ వార్త చూసి మా నాన్న మిఠాయి తెచ్చాడు. మరి డిసెంబర్ 1 నుంచి సౌదీ, ఇండియా వాళ్లు నేరుగా రావొచ్చు, బయట ఏ టీకా వేసుకున్నా అయిదు రోజులు హోటల్లో ఉంటే చాలు అంది. ఆ నెలే వెళ్లిపోయాను. నా ఇఖామాని సౌదీ ప్రభుత్వం ఉచితంగా పొడిగిస్తూ వచ్చింది, మా కంపెనీ నా పని తీసేయలేదు. ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ని. నాతోపాటు ఆగిపోయినవాళ్లలో అందరికీ వెనక్కి పోవడానికి ఉద్యోగం మిగల్లేదు.

నా అభిప్రాయం

మనవాళ్లని అడిగితే మూడు రకాల జవాబులొస్తాయి. అక్క లాంటివాళ్లు ఆపడమే కరెక్ట్ అంటారు. రూమ్‌మేట్ లాంటివాళ్లు ఇదంతా పేదోడి జేబు కొట్టడమే అంటారు. నేను మధ్యలో ఉన్నా. రోగం ఎన్ని రోజుల్లో బయటపడుతుందో చూసి పెట్టిన రూల్‌కి నేను తల వంచుతా, అది నానమ్మని కాపాడింది. కానీ నీ కాగితం మా దేశంది కాదు కాబట్టి అప్పు చేసి మూడో దేశం తిరిగిరా అంటే, అది ఆరోగ్యం రూల్ కాదు. దేశాలు ఒకరి రికార్డు ఒకరు చదువుకోలేకపోయినందుకు కూలీవాడు కట్టిన జరిమానా.

మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి

ఒకటి, పేరు. మన ఇంటిపేర్లతోనే సగం గొడవ. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టీకా సర్టిఫికెట్ ఏదైనా సరే పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి, పుట్టిన తేదీతో సహా.

రెండు, టైం. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. హజ్‌కి వెళ్లేవాళ్లకి మెనింజైటిస్ టీకా తప్పనిసరి.

మూడు, ఏజెంటు మాట కాదు, వెళ్లే దేశం ఎంబసీ సైట్ చూడండి. దొంగ కార్డు దొరికితే ఏజెంటు ఫోన్ ఎత్తడు, లోపల ఉండేది మీరే.

నాలుగు, మధ్యలో దిగే దేశం రూల్ కూడా చూడండి. నన్ను ఆపింది దమ్మామ్ ఒక్కటే కాదు, దుబాయ్ దారి కూడా.

మా తమ్ముడు మొన్న నారాయణగూడ పోయి టీకా వేయించుకున్నాడు. కార్డు ఫోటో పంపాడు. పేరు చూశా, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంది. "టికెట్ బుక్ చేసుకోరా, కానీ పది రోజులు ఆగి" అన్నాను.

ఇవాల్టికి ఇంతే. ఇంట్లో ఎవరైనా బయటి దేశం వెళ్లేవాళ్లుంటే ఇది ఒకసారి వినిపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.