చైనా మాటకి అరసవల్లి దారి

ఓ పెన్సిల్ తీసుకుని నిలువుగా చిన్న పెట్టె గీయండి. నడుమ ఒక అడ్డగీత పెట్టండి. చైనా లిపిలో సూర్యుడు తయారయ్యాడు. పలకడం దాదాపు 'రి'. తొలిరోజుల్లో ఇది గుండ్రటి గీత, మధ్యలో చుక్క. ఎముకల మీదా తాబేలు చిప్పల మీదా చెక్కే రోజుల్లో గుండ్రం తిప్పడం కష్టం కాబట్టి సూర్యుడు పలకలు తేరాడు. పక్కన చంద్రుణ్ణి నిలబెడితే 'మింగ్', వెలుగు. కింద నేలగీత గీస్తే 'తాన్', తెల్లవారడం.

సూర్యుడి గుడి ఉన్న అరసవల్లిలో ఉండేవాళ్ళకి చైనా అక్షరాలతో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్‌కి చైనా వెళ్ళిన పిల్లలు వేలల్లో ఉన్నారు. టీసీఎల్ కంపెనీ తిరుపతి ఫ్యాక్టరీకి ఎంపికైన మన కుర్రాళ్ళు శిక్షణ కోసం వూహాన్ వెళ్ళి, 2020 జనవరిలో కరోనా మొదలైనప్పుడు అక్కడే ఉన్నారు. వైద్యం చదివే పిల్లలు పాఠాలు ఇంగ్లీషులోనే కదా అని వెళ్తారు గానీ వార్డులోకి అడుగుపెట్టాక రోగికి ఇంగ్లీషు రాదు. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ పరీక్షలో నాలుగో స్థాయి అడుగుతాయి. 2010 నాటి లెక్క ప్రకారం మొదటి స్థాయికి 150 మాటలు, నాలుగో స్థాయికి 1200.

ఇన్ని మాటలు తలకెక్కడానికి బొమ్మలే మార్గమని చాలామంది నమ్మకం. సగం నిజం. మాట ఒక దారినా బొమ్మ ఇంకో దారినా బుర్రలో చేరతాయనీ, రెండు దారుల్లో చేరినది తేలిగ్గా తిరిగి దొరుకుతుందనీ కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971లో వాదించాడు. చెట్టు గుర్తు రెండుసార్లు గీస్తే తోపు, మూడుసార్లు గీస్తే అడవి, చెట్టు పక్కన మనిషిని పెడితే విశ్రాంతి. ఇలాంటివి ఒక్కసారి చూస్తే చాలు.

చిక్కేమిటంటే ఇలాంటి అక్షరాలు కొన్నే. కొంత దూరం వెళ్ళేసరికి బొమ్మల సరుకు అయిపోతుంది. 'అమ్మ' అనే అక్షరం చూడండి: ఎడమవైపు స్త్రీ, కుడివైపు గుర్రం. అమ్మకీ గుర్రానికీ చుట్టరికం కలుపుతూ కథలల్లే పుస్తకాలు బజారులో ఉన్నాయి. నాకవి నచ్చవు. గుర్రాన్ని చైనీస్‌లో 'మా' అంటారు, అమ్మనీ 'మా' అంటారు. గుర్రం అక్కడ ఉన్నది శబ్దం చెప్పడానికే. ఒక ముక్క అర్థానికీ, ఇంకో ముక్క శబ్దానికీ: చైనా అక్షరాల్లో అత్యధికం ఈ తీరువే. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను 540 గుర్తుల కింద సర్దింది ఈ ముక్కల్ని పట్టుకునే.

కనుక చూడాల్సింది ముక్కల్నే. 'ఛింగ్' అనే శబ్దపు ముక్క ఒకటుంది. దాని ఎడమన మూడు నీటి చుక్కలు పెడితే తేట నీరు, సూర్యుణ్ణి పెడితే మబ్బులేని ఆకాశం, మాట గుర్తు పెడితే 'దయచేసి', గుండె గుర్తు పెడితే మనోభావం. అన్నీ 'ఛింగే', రాగం, అంటే గొంతు లేచి దిగే తీరు, మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన గీసుకున్నవాడికి విడివిడి బొమ్మలక్కర్లేదు.

ఇక పునశ్చరణ. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత మళ్ళీ మళ్ళీ చదివించారు, కొందరిచేత పుస్తకం మూయించి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళు నెగ్గారు. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళదే పైచేయి. మాటలకీ ఇదే వర్తిస్తుంది. గోడకి అంటించిన రంగుల చార్టు రోజూ చూస్తుంటే వచ్చేసినట్టే ఉంటుంది, తీరా తెల్లకాగితం ఇస్తే చెయ్యి కదలదు.

కార్డులు కొననక్కర్లేదు. ఇంట్లో పోగుపడ్డ శుభలేఖల్ని అరచేతి సైజుకి కత్తిరించండి. ఒక వైపు అక్షరం పెద్దగా. రెండో వైపు చిన్న బొమ్మ, అర్థం, తెలుగు లిపిలో ఉచ్చారణ, దాని నెత్తిన రాగపు గీత. బొమ్మ వైపు చూసి అక్షరం గీయాలి, తర్వాతే తిప్పి చూడాలి. పాత మిఠాయి పెట్టెలో అట్టలతో ఐదు అరలు చేసి, సరిగా వచ్చిన కార్డుని వెనక అరలోకి, తప్పినదాన్ని మొదటి అరలోకి వెయ్యండి. మొదటి అర రోజూ, వెనకవి రోజులు ఎడమిచ్చి తీయాలి. ఇది 1972లో జర్మనీకి చెందిన లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి.

రాగపు గీత మాత్రం మరవొద్దు. 'మా' సమంగా సాగితే అమ్మ, పైకి లేస్తే జనపనార, కిందికి దిగి లేస్తే గుర్రం, జారిపడితే తిట్టు. 1958లో చైనా ప్రభుత్వం ఆమోదించిన పిన్‌యిన్ రాతలో అక్షరం మీద పెట్టే గుర్తు, గొంతు కదిలే దారికి బొమ్మే. కొందరు ఒక్కో రాగానికి ఒక్కో రంగు వాడతారు. ఎరుపుకీ గొంతు లేవడానికీ పొత్తు లేదు కాబట్టి గీతే నయం.

కొత్త మాటల్ని తొలిసారి మనసులో నాటడానికి మనకో ఇంటి సదుపాయం ఉంది: అరసవల్లి గుడి. కళ్ళు మూసుకుని నడవండి. ఇంద్రపుష్కరిణిలో 'ష్వెయ్', నీళ్ళు. గోపురం దగ్గర 'మన్', గుమ్మం. క్యూలో 'రెన్', మనిషి, రెండే గీతలు, విడిగా వేసిన రెండు కాళ్ళు. హుండీ దగ్గర 'ఛియెన్', డబ్బు. లోపల స్వామి రథానికి 'మా' గుర్రాలు, వాటి లెక్క 'ఛీ', ఏడు. మార్చిలో, అక్టోబరులో ఉదయపు ఎండ మూలవిరాట్టు పాదాల మీద పడేచోట 'రి'. ఇటలీ పాద్రీ మాతియో రిచ్చి 1596లో ఈ జ్ఞాపక పద్ధతి మీద చైనీస్‌లోనే పుస్తకం రాసి ఒక గవర్నరు పిల్లలకిచ్చాడు. పద్ధతి బాగానే ఉంది గానీ, దీన్ని వాడాలంటే ముందు గొప్ప జ్ఞాపకశక్తి ఉండాలని గవర్నరు పెద్దకొడుకు అన్నాడట! ఆ కుర్రాడిదీ న్యాయమే. ఇరవై మాటలకి గుడి దారి సరిపోతుంది, 1200 మాటలకి మిఠాయి పెట్టే కావాలి.

చైనా వెళ్ళే పిల్లలు ఇంట్లో ఉంటే ప్రయాణానికి రెండు నెలల ముందే మొదలుపెట్టించండి. రోజుకి ఐదు మాటల లెక్కన మొదటి స్థాయి 150 మాటలూ ఒక నెలలో కార్డులకెక్కుతాయి, రెండో నెలంతా పునశ్చరణకే ఉంచండి.