బల్ల కింద బాంబు: థ్రిల్లర్ మొదటి నిమిషాల్లో అసలేం జరుగుతుంది?

కాలేజీ ఫెస్ట్‌లకి వచ్చే షార్ట్ ఫిల్మ్‌లు గమనించారా? చాలావాటికి మొదటి షాట్ ఒకటే. అలారం మోగుతుంది, దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి దాని నోరు నొక్కేస్తుంది. తర్వాత బ్రష్షు, తర్వాత బైక్, తర్వాత డ్రోన్ షాట్‌లో కాలేజీ గేటు. పోస్టర్ మీద మాత్రం "సస్పెన్స్ థ్రిల్లర్" అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. మూడో నిమిషం వచ్చినా మనకి భయపడే అవకాశం రాదు. ఈలోపు ఆడిటోరియం వెనక వరసల్లో ఫోన్ల వెలుగులు ఒక్కొక్కటే మొదలవుతాయి.

వెనక వరసవాళ్ళని తప్పు పట్టలేం. యూట్యూబ్‌లో ఐదో సెకనుకి స్కిప్ బటన్ చూసి పెరిగిన తరం మనది. మరి మంచి థ్రిల్లర్ మొదలైతే అదే మనం, అదే ఫోన్ పక్కన పడేసి ఎందుకు చూస్తాం? దానికి కెమెరా ఖరీదు కారణం కాదు. కొన్ని సూత్రాలున్నాయి. అవి తెలిస్తే సినిమా మజా తగ్గిపోతుందేమో అని భయపడకండి, నా మట్టుకు నాకు ఇంకా పెరిగింది.

ఉలిక్కిపడటం వేరు, ఊపిరి బిగపట్టడం వేరు

1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ని రోజుల తరబడి ఇంటర్వ్యూ చేశాడు. అందులో హిచ్‌కాక్ చెప్పిన ఒక ఉదాహరణ ఇప్పటికీ ప్రతి ఫిల్మ్ స్కూల్లో వినిపిస్తుంది. దాన్ని మన భాషలో చెప్పుకుందాం. క్యాంటీన్లో ఇద్దరు కూర్చుని క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, పది పదిహేను సెకన్లు. అంతే, అయిపోయింది.

ఇప్పుడు ఇదే సీన్ ఇంకోలా చూడండి. బాంబు పెట్టడం ముందే మనకి చూపించారు. ఒంటిగంటకి పేలుతుందని కూడా మనకి తెలుసు. గోడ మీద గడియారం పన్నెండూ ముప్పావు చూపిస్తోంది. వాళ్ళిద్దరూ అదే క్రికెట్ గురించి, అవే మాటలు మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడా సోది కబుర్లే మనల్ని చంపేస్తాయి. "లేవండ్రా బాబూ, టీ తర్వాత తాగొచ్చు!" అని అరవాలనిపిస్తుంది. పదిహేను సెకన్ల ఉలికిపాటు పదిహేను నిమిషాల ఉత్కంఠ అయిపోయింది.

ఇక్కడ మారింది డైలాగ్ కాదు, నటులు కాదు. ఎవరికి ఏం తెలుసు అన్నది మారింది. సీఎస్ఈ భాషలో చెప్పాలంటే అదే వేరియబుల్, యాక్సెస్ మాత్రమే మార్చారు. పాత్రలకి ప్రైవేట్, మనకి పబ్లిక్. థ్రిల్లర్ డైరెక్టర్ చేసే పనిలో సగం ఇదే.

డిక్కీలో బాంబు, పక్కనే కొత్త జంట

ఈ సూత్రానికి సినిమా చరిత్రలో అందరూ చెప్పే ఉదాహరణ ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958). మొదటి షాట్‌లోనే ఒక చెయ్యి టైమర్ తిప్పుతుంది. ఆ మనిషి పరిగెత్తుకెళ్ళి బాంబుని ఒక కారు డిక్కీలో పెట్టేస్తాడు. ఒక జంట వచ్చి ఆ కారెక్కుతుంది. అక్కడినుంచి కట్ అన్నదే లేకుండా, మూడు నిమిషాలకి పైగా, క్రేన్ మీద కెమెరా మెక్సికో సరిహద్దు ఊరి వీధుల్లో తేలుతూ పోతుంది.

కారు ట్రాఫిక్‌లో ఆగుతుంది. మేకలు అడ్డం వస్తాయి. ఈలోపు నడిచి వెళ్తున్న కొత్త దంపతులు కనిపిస్తారు, వాళ్ళే హీరో హీరోయిన్లు. కారు ఒకసారి వాళ్ళని దాటుతుంది, ఒకసారి వెనకబడుతుంది, చెక్‌పోస్ట్ దగ్గర సరిగ్గా వాళ్ళ పక్కనే ఆగుతుంది. కార్లో అమ్మాయి తలలో ఏదో టిక్ టిక్ మంటోందని గొణుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. మనకి మాత్రం గుండె గొంతులోకొస్తుంది.

కట్ చేయకపోవడం ఎందుకంత ముఖ్యం? కట్ చేస్తే కాలం డైరెక్టర్ చేతిలోకి వెళ్ళిపోతుంది. నాలుగు నిమిషాలని నలభై సెకన్లు చేయొచ్చు. కట్ లేకపోతే తెర మీద సెకను, మన చేతి వాచీ సెకను ఒకటే. టైమర్ మన సీటు కింద తిరుగుతున్నట్టే.

ఈ సీన్‌కి ఇంకో కథ కూడా ఉంది. 1958లో స్టూడియో దీని మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పెట్టి విడుదల చేసింది. వెల్స్ తన అభ్యంతరాలన్నీ 58 పేజీల మెమోగా రాసిచ్చినా స్టూడియో చాలావాటిని పక్కన పెట్టింది. నలభై ఏళ్ళ తర్వాత, 1998లో, ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ మెమో ప్రకారం సినిమాని మళ్ళీ ఎడిట్ చేశాడు. టైటిల్స్ తీసేశాడు. నేపథ్య సంగీతం బదులు వీధిలోని క్లబ్బుల పాటలు, ఆ కారు రేడియో మోత వినిపించాడు. ఇప్పుడు కారు ఫ్రేములో లేకపోయినా రేడియో పాట దగ్గరవుతుంటే బాంబు దగ్గరవుతోందని అర్థం. రెండు వెర్షన్లూ పక్కపక్కన చూడండి. ఒక్క ఫ్రేము మార్చకుండా ఒట్టి శబ్దం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది.

కెమెరా కిందికి దిగిన క్షణం

క్వెంటిన్ టరంటీనో 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' (2009) మొదటి అధ్యాయం ఇంకో పాఠం. 1941, ఫ్రాన్స్‌లో ఒక పాడిరైతు ఇల్లు. నాజీ అధికారి హాన్స్ లాండా వస్తాడు. అరవడు, కొట్టడు. చాలా మర్యాదగా కూర్చుని గ్లాసుడు పాలు అడుగుతాడు. కాగితాలు సర్దుకుంటాడు, పెన్నులో ఇంకు నింపుకుంటాడు. కొంతసేపు మనం ఇదంతా మామూలు విచారణ అనుకుంటాం.

అప్పుడు కెమెరా నెమ్మదిగా బల్ల పక్కనుంచి దిగి, చెక్క నేల దాటి, కిందికి వెళ్తుంది. అక్కడ ఒక యూదు కుటుంబం చేతులతో నోళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పైన సంభాషణ ఆగలేదు, గొంతులు మారలేదు. కానీ ఆ క్షణం నుంచి ప్రతి మర్యాద మాటా కత్తిలా వినిపిస్తుంది. హిచ్‌కాక్ బాంబుని టరంటీనో సీన్ మధ్యలో చూపించాడన్నమాట.

ఇందులో నాకు ఎక్కువ నచ్చింది భాష. లాండా ఫ్రెంచ్‌లో మొదలుపెట్టి, మధ్యలో ఇంగ్లిష్‌లోకి మారదామని రైతుని అడుగుతాడు. అమెరికా ప్రేక్షకుల సౌకర్యం కోసమేలే అనుకుంటాం. అసలు కారణం తర్వాత తెలుస్తుంది: నేల కింద ఉన్నవాళ్ళకి ఇంగ్లిష్ రాదు. రూమ్మేట్‌కి అర్థం కాకూడదని ఇద్దరు భాష మార్చి మాట్లాడుకోవడం మన హాస్టళ్ళలో రోజూ చూసేదే. అదే పని అక్కడ ప్రాణాలు తీస్తుంది.

చూపించకపోవడం

బాంబుని చూపించడం ఒక దారి. రాక్షసుణ్ణి దాచడం ఇంకో దారి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'జాస్' (1975) మొదట్లో ఒకమ్మాయి రాత్రి సముద్రంలో ఈతకి దిగుతుంది. నీళ్ళ కిందనుంచి ఏదో ఆమెని చూస్తున్నట్టు కెమెరా పైకి వస్తుంది. ఆమెని ఎవరో పక్కకి లాగేస్తారు. షార్క్ మాత్రం కనపడదు. సినిమా గంట దాటాక గానీ అది మనకి పూర్తిగా మొహం చూపించదు.

దీని వెనక ఒక ప్రాక్టికల్ కారణం ఉంది. షూటింగ్ కోసం చేసిన మెకానికల్ షార్క్ ఉప్పునీళ్ళలో మాటిమాటికీ పాడయ్యేది. దాంతో షార్క్ లేకుండానే షార్క్ ఉందనిపించాల్సి వచ్చింది. ఆ లోటు జాన్ విలియమ్స్ పూడ్చాడు, ప్రధానంగా రెండే స్వరాలతో. మన సంగీతంలో చెప్పాలంటే షడ్జమం, దాన్ని ఆనుకునే ఉండే శుద్ధ రిషభం అంత దగ్గరి స్వరాలు. అవే మళ్ళీ మళ్ళీ, మొదట నిదానంగా, తర్వాత వేగంగా. వేగం పెరిగితే షార్క్ దగ్గరైనట్టు. మన చెవికి రూల్ నేర్పేశాక ఇక షార్క్‌తో పనేముంది?

బేతాళుడు ముందే కనిపెట్టాడు

రూల్ ముందే చెప్పేయడం అనేది మనకి కొత్తేం కాదు. చందమామలో బేతాళ కథలు గుర్తు తెచ్చుకోండి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. చెబితే మౌనం భంగమై బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు. లోపలి కథలో రాజకుమారి పెళ్ళి గురించి ఎంత సాఫీగా చెబుతున్నా, చివర్లో ప్రశ్న వస్తుందని మనకి తెలుసు. అది కూడా బల్ల కింద బాంబే. ఎటు తిరిగినా నష్టమే అన్న షరతు కథ మొదట్లోనే పెట్టేశారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి జీతు జోసెఫ్ మలయాళ 'దృశ్యం' (2013) లో ఉంది. మనకి వెంకటేశ్‌తో 2014లో వచ్చిన కథే. అక్కడ మొదట్లో హీరో కొత్తగా కట్టిన పోలీస్ స్టేషన్‌లో నిమ్మళంగా కూర్చుని కనిపిస్తాడు. అప్పటికి దానికేమీ అర్థం ఉండదు. చూడనివాళ్ళ కోసం నేను ముగింపు చెప్పను. చూసినవాళ్ళు ఆ మొదటి సీన్ మాత్రం ఇంకోసారి చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడ పాత్రకి తెలుసు, మనకి తెలియదు. ఉత్కంఠ ముందుకి కాకుండా వెనక్కి పనిచేస్తుంది.

ట్రైలర్ లెక్క వేరు

ట్రైలర్ అనే పేరులోనే ఒక విచిత్రం ఉంది. మొదట్లో వాటిని సినిమా అయిపోయాక, వెనకాల వేసేవారు, అందుకే ఆ పేరు. ఇప్పుడు ముందుకొచ్చినా పేరు మారలేదు.

సినిమా మొదటి సీన్‌కి తర్వాత రెండు గంటల టైముంది. ట్రైలర్‌కి ఉన్నది రెండు, రెండున్నర నిమిషాలు. పైగా అది ప్రశ్నలకి జవాబు చెప్పకూడదు. అందుకే అది బ్రాకెట్లు తెరుస్తూ పోతుంది, ఒక్కటీ మూయదు. చివర్లో టైటిల్ పడేసరికి మన బుర్ర ఎర్రర్ చూపిస్తుంటుంది. ఆ ఎర్రర్ పోవాలంటే టికెట్ కొనాలి.

సాధారణంగా దాని నిర్మాణం ఇలా ఉంటుంది. మొదట ప్రశాంతమైన ప్రపంచం, పొడవైన షాట్లు. తర్వాత ఒక సంఘటన, ఒక ప్రశ్న. ఆపైన షాట్లు చిన్నవవుతూ, మధ్యలో తెర నల్లబడుతూ, శబ్దం పెరుగుతూ పోతుంది. పీక్‌కి చేరాక అంతా ఠక్కున ఆగిపోతుంది. ఒక క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక మాటో, ఒక శ్వాసో. తర్వాత టైటిల్.

ఆ పెరిగే శబ్దంలో ఒక మాయ ఉంది. 1964లో రోజర్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త వర్ణించిన శబ్ద భ్రమ అది. ఒక్కో స్థాయి ఎడంతో ఒకే స్వరాన్ని చాలా పొరలుగా పేర్చి, అన్నిటినీ కలిపి పైకి జరుపుతారు. పైపొర వినిపించకుండా మాయమవుతుంటే అడుగున కొత్త పొర మెల్లగా పుడుతుంది. చెవికి మాత్రం శబ్దం ఎప్పటికీ పైకే పోతున్నట్టుంటుంది, ఎక్కడికీ చేరదు. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని వైల్ లూప్. క్రిస్టఫర్ నోలన్ 'డన్‌కర్క్' (2017) సంగీతంలో హాన్స్ జిమ్మర్ దీన్ని వాడాడు, దానికి తోడు నోలన్ సొంత వాచీ టిక్ టిక్‌ని రికార్డ్ చేసి కలిపారు.

మాటలే లేకుండా భయపెట్టిన ట్రైలర్ 'ఏలియన్' (1979) ది. ఒక గుడ్డు, పగులు, వెలుగు, తర్వాత సైరన్ లాంటి కీచు శబ్దంతో ముక్కలు ముక్కలుగా దృశ్యాలు. కథ ఏంటో చెప్పనే చెప్పదు. 'సైకో' (1960) ట్రైలర్‌లో అయితే హిచ్‌కాకే వచ్చి, ఇల్లు అమ్మేవాడిలా ఆరు నిమిషాలకి పైగా ఆ మోటెల్ అంతా తిప్పి చూపిస్తాడు. ఏదో చెప్పబోయి ఆపేస్తాడు, ఇంకో గదికి వెళ్తాడు. చివరికి బాత్రూం తెర లాగగానే ఒక కేక. ఆ కేక పెట్టింది సినిమాలో ఆ సీన్‌లో ఉన్న జానెట్ లీ కాదు, వెరా మైల్స్. అంటే ట్రైలర్ అప్పుడే చిన్న అబద్ధం ఆడింది.

ట్రైలర్ మనకి మాటిచ్చిందా?

ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 'ఫ్యాన్' (2016) ప్రచారంలో వినిపించిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు కేసు వేశారు. వినియోగదారుల కమిషన్ ఆమెకి 10,000 రూపాయల పరిహారం ఇమ్మంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రైలర్ అనేది టికెట్ కొనమని ప్రోత్సహించడమే తప్ప ఒప్పందం కాదు, వాగ్దానం కాదు అని చెప్పింది. అమెరికాలో 'యెస్టర్‌డే' (2019) ట్రైలర్‌లో ఉన్న నటి సినిమాలో లేదని వేసిన కేసులో మాత్రం, 2022 డిసెంబర్‌లో ఒక జడ్జి ట్రైలర్ వ్యాపార ప్రకటనే కాబట్టి మోసపూరిత ప్రకటనల చట్టం దానికీ వర్తించొచ్చన్నారు.

చట్టం సంగతి అలా ఉంచితే, నా అభిప్రాయం ఇది. ఉత్కంఠ అనేది అప్పు. ప్రేక్షకుడి దగ్గర మనం శ్రద్ధని అప్పు తీసుకుంటాం, సినిమా అయిపోయేలోపు తీర్చాలి. తీర్చలేని బాంబు పెట్టడం ఒక మోసం. బాంబు పేలడం ట్రైలర్‌లోనే చూపించేయడం ఇంకో మోసం. 'కాస్ట్ అవే' (2000) ట్రైలర్ హీరో ద్వీపం నుంచి ఇంటికి తిరిగొచ్చాడని కూడా చూపించేసింది. జనానికి ముందే తెలియడమే ఇష్టమని దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ దాన్ని సమర్థించుకున్నాడు. అది వ్యాపారంగా నిజం కావచ్చు. కానీ తెలియకుండా కూర్చుని, చీకట్లో మూడొందల మందితో కలిసి ఊపిరి బిగపట్టే అనుభవం రెండోసారి దొరకదు. ఆ ఒక్కసారిని ఎవరు లాక్కున్నా నాకు కోపమే.

ఈసారి మీరు తీసేటప్పుడు

స్క్రిప్ట్ రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. బాంబు ఏది? అది ఎవరికి తెలుసు? టైమర్ ఎక్కడుంది? బాంబు అంటే బాంబే కానక్కర్లేదు. ల్యాబ్ ఎగ్జామ్ పది గంటలకి, హాల్ టికెట్ వేరే వాడి బ్యాగులో ఉంది, వాడు బస్సెక్కేశాడు అని మనకి ముందే చూపిస్తే చాలు. అప్పుడు హీరో తీరిగ్గా ఇడ్లీ తింటున్న షాట్ కూడా థ్రిల్లరే.

ఎడిటింగ్ అయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. మొదటి రెండు నిమిషాలు సౌండ్ తీసేసి చూడండి, తర్వాత కళ్ళు మూసుకుని వినండి. రెండిట్లో దేనిలోనూ ఏ ప్రశ్నా పుట్టకపోతే ఆ రెండు నిమిషాలు కత్తిరించేయండి. అలారం షాట్‌ని కూడా మీరు కావాలంటే ఉంచుకోవచ్చు, కాకపోతే ఆ అలారం ఎవరు పెట్టారో హీరోకి తెలియకూడదు.