కుంకుడాకు – మన పిల్లలు

ఈ ఆకురాలు కాలంలో గార్చింగ్‌లో ఈజార్ ఒడ్డున మా అమ్మాయి రంగురంగుల ఆకులు ఏరుతూంటే మాకు చాసో (1915–1994) గారి ‘కుంకుడాకు’ కథ జ్ఞాపకం వచ్చింది. అందులో గవరీ ఆకులే ఏరుతుంది. పుస్తకంలో దాచుకోవడానికి కాదు, పొయ్యిలోకి. ఆమె ఈడుదే కలవారి పిల్ల పారమ్మ. కుంకుడుకాయకు బజారులో ధర ఉంది, రాలిన ఆకుకు లేదు. చాసో వర్గభేదంపై ఉపన్యసించరు. ఆ ఆకును చూపి ఊరుకుంటారు.

రాత్రి కథ చదివి వినిపించాం. “రోజూ ఆకులేరితే బడికెప్పుడు వెళ్తుంది నాన్నా?” అంది అమ్మాయి.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, పొయ్యి పొగకు దగ్గే తల్లులకు మందు రాసిచ్చాం కాని, ఆ పొయ్యిలోకి ఆకులు ఎవరు తెస్తారని ఒక్కనాడూ అడగలేదు. అమ్మాయికి జవాబు చెప్పలేకపోయాం.

మీరూ మీ పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లేమడుగుతారో విందాం.