తాడిపత్రిలో మా మేనత్త

గుంతకల్లు నుంచి కడపకు రోడ్డు మీద వెళ్ళేవారికి గుత్తి దాటిన తరువాత తాడిపత్రి తగులుతుంది. ఊరు దగ్గర పడేకొద్దీ నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలు, వరుసగా నిలబెట్టిన బండలు, రాయి కోసే యంత్రం కింద నుంచి కారే బూడిదరంగు నీళ్ళు కనిపిస్తాయి. పెళ్ళిళ్ళకు, జనాజాలకు, మదరసా జల్సాలకు ఈ దారిలో మేము ఎన్నిసార్లు పోయివచ్చామో లెక్కలేదు. బస్సు ఆగితే దిగి టీ తాగేవాళ్ళం, మళ్ళీ ఎక్కేవాళ్ళం. ఆ ఊళ్ళో మా నాన్నగారి సొంత చెల్లెలు ఉందని మాకు తెలుసు. ఆమె ముఖం మాత్రం ఎన్నడూ చూసి ఎరుగం.

కారణం ఒక ఎకరం మెట్ట.

మా తాతగారు 1964లో పోయారు. అవ్వ అంతకుముందే పోయింది. మిగిలింది ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, గుంతకల్లు దగ్గరి పల్లెలో అయిదెకరాల చేను. నిసా సూరా పదకొండవ ఆయత్ ప్రకారం కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అంటే కొడుకులకు రెండేసి ఎకరాలు, కూతురికి ఒక ఎకరం. మదరసాలో ఫరాయిజ్ పాఠం మొదలుపెట్టిన పిల్లవాడు కూడా వేలి మీద చెప్పగల లెక్క ఇది. మా ఇంట్లో అది ఎవరికీ రాలేదు. పెళ్ళికి ఖర్చు పెట్టాము కదా, జహేజ్ ఇచ్చాము కదా, అదే ఆమె వాటా అన్నారు.

1972 కరువులో మామగారి చేను ఎండిపోయింది. అప్పులవాళ్ళు ఇంటి ముందు కూర్చున్నారు. అప్పుడు ఫుప్పు పుట్టింటికి వచ్చి తన ఎకరం అడిగిందట. అన్నలిద్దరూ లేదన్నారు. మాటా మాటా పెరిగింది. ఆమె అన్నం ముట్టకుండానే తిరిగి వెళ్ళింది. మరుసటి ఏడాది మేము పుట్టాము. యూసుఫ్ (అలైహిస్సలాం) అన్నదమ్ములను కరువే ఈజిప్టుకు నడిపించి కలిపింది. మా ఇంట్లో కరువు వచ్చి విడదీసింది.

చట్టం కూడా ఆమె పక్షానే ఉన్నదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1937లో షరీఅత్ చట్టం వచ్చినప్పుడు వ్యవసాయ భూమిని దాని నుంచి మినహాయించారు. మన అనంతపురం అప్పుడు మద్రాసు కింద ఉండేది. 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ తెచ్చి ఆ మినహాయింపును తీసివేసింది. కాబట్టి తాతగారు పోయేనాటికి పొలంలో కూడా కూతురికి హక్కు ఉంది. ఆమె కోర్టుకు వెళ్ళలేదు. మన ఇళ్ళల్లో ఆడబిడ్డలు కోర్టుకు వెళ్ళరు. చాలామంది అడగనే అడగరు. అడిగితే పండక్కి పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో "మాఫ్ చేశాను" అంటారు. సిగ్గుకో భయానికో నోటితో అన్న ఆ మాట మాఫీ కాదని ఉలమాలు ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నారు. ఆ రాతలు మేము చదివాము, పిల్లలకు చదివి వినిపించాము కూడా.

ఏటా సీరత్ పాఠంలో హజ్రత్ షైమా సంగతి చెబుతాము. హిజ్రీ 8వ ఏట హునైన్ యుద్ధం తరువాత బందీలలో ఒక స్త్రీ, తాను దైవప్రవక్తకు (సల్లల్లాహు అలైహి వసల్లం) పాలవరస అక్కనని చెప్పింది. గుర్తు ఏమిటని అడిగితే, చిన్నతనంలో ఎత్తుకున్నప్పుడు ఆయన కొరికిన పంటి గాటు చూపింది. ఆయన గుర్తుపట్టి, తన పైవస్త్రం పరచి ఆమెను దాని మీద కూర్చోబెట్టారు. ఉంటే గౌరవంగా ఉండమన్నారు, వెళతానంటే కానుకలిచ్చి పంపారు. ఈ కథ చెప్పేటప్పుడు మా గొంతు బాగా పలుకుతుందని పిల్లలు అంటుంటారు. తాడిపత్రి బస్టాండులో టీ తాగిన రోజుల్లోనూ మేము ఈ పాఠం చెబుతూనే ఉన్నాము.

కర్తార్‌పూర్ దారి 2019 నవంబరులో తెరుచుకుంది. 1947లో విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు ఇటు పంజాబులో, ఒకరు అటు పంజాబులో ముసలివారై, 2022 జనవరిలో అక్కడ కలుసుకున్నారు. ఒకరి మీద ఒకరు పడి ఏడ్చిన ఆ దృశ్యాన్ని మా ఇంట్లో అందరూ ఫోనులో చూశారు. మా ఇంటావిడ కళ్ళు తుడుచుకుని, "వాళ్ళ మధ్య సరిహద్దు ఉంది. మీకూ తాడిపత్రికీ మధ్య ఏముంది? రెండు గంటల రోడ్డు. రైలు కూడా ఉంది" అన్నది. మేము జవాబు చెప్పలేదు.

నిరుడు చలికాలంలో కడపలో బంధువుల ఇంట నికా. మేము, ఇంటావిడ, చిన్నబ్బాయి బాడుగ కారులో బయలుదేరాము. తాడిపత్రి చేరేసరికి జుహర్ వేళ అయింది. మసీదు దగ్గర కారు ఆపించాము. నమాజు అయ్యాక బయట మెట్ల మీద ఇంటావిడ నిలబడి ఉంది. "కనుక్కున్నారా?" అని మాత్రం అడిగింది. వెనక్కి వెళ్ళి ఇమాముగారికి మామగారి పేరు చెప్పాము. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని, కొడుకు పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడని చెప్పారు. ఒక కుర్రవాడు చెప్పులు వేసుకుని మా ముందు నడిచాడు. యాభై ఏళ్ళు దొరకని ఇల్లు మసీదు నుంచి మూడు సందుల అవతల ఉంది.

బండలు కప్పిన చిన్న ఇల్లు. అరుగు మీద ఒక ముసలావిడ గోడకు ఆనుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండవ కన్ను మసక. సలాం చెప్పాము. "ఎవరి బిడ్డవి నాయనా?" అన్నది. నాన్నగారి పేరు చెప్పాము. చేతులు ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ అనలేదు. దగ్గరకు రమ్మని, మా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమి చూసింది. "కూర్చో" అన్నది.

తరువాత ఆమె అన్న మాట మేము ఇక్కడ దాచడం న్యాయం కాదు. "మా అన్న పోతే నాకు కబురు చెప్పలేదు. నలభై దినాలు అయ్యాక బస్టాండులో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాను." నాన్నగారు 2003లో పోయారు. ఆ రోజు ఎవరెవరికి కబురు పంపాలో చీటీ రాసింది మేమే. పేర్లు చెప్పింది పెద్దనాన్నగారు, కలం పట్టింది మేము. ఈమె పేరు ఎవరూ అనలేదు, మేమూ రాయలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాము. ఆమె తల ఊపింది, అంతే.

ఆమె కొడుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. తలా కనుబొమ్మలూ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. మాకంటే ఆరేడేళ్ళు పెద్ద. మేము ఎవరో తెలిశాక కావలించుకోలేదు, కసురుకోనూ లేదు. "భాయ్, ముందు చేతులు కడుక్కోండి, రొట్టె తిందురు" అన్నాడు. జొన్నరొట్టె, శెనక్కాయల చెట్నీ పెట్టారు. మా ఇంటావిడ అప్పటికే వంటింట్లో వాళ్ళ కోడలి పక్కన కూర్చుని ఉంది.

తిన్నాక మేము దారిపొడవునా మనసులో కూర్చుకున్న మాట ఉర్దూలో చెప్పాము. నీ హక్కు మా దగ్గర ఉండిపోయింది ఫుప్పూ, అది ఇవ్వడానికి వచ్చాము అని. పాఠకులకు నిజం చెప్పాలి. ఆ మాట అంటున్నప్పుడే, ఆమె మా తల నిమిరి "మాఫ్ చేశాను బిడ్డా" అంటుందని మా లోపల ఒక ఆశ ఉంది. ముప్పై ఏళ్ళు ఫరాయిజ్ చెప్పిన నోరు, అన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు ఎదురుచూసే ఆ మాట కోసమే ఎదురుచూసింది.

ఫుప్పు, "ఎప్పుడిస్తావు?" అన్నది.

చిన్నబ్బాయి మా ముఖం వైపు చూశాడు. మేము తడబడి, చేను 1987లోనే అమ్మేశారని చెప్పాము. "గట్టు మీద చింతచెట్టు?" అని అడిగింది. అది కూడా లేదు. కొంచెం ఆగి, "అమ్మితే డబ్బు వచ్చింది కదా" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. సంతలో లెక్క అడిగినట్టు అడిగింది. ఆ రోజు మేము కడప చేరేసరికి నికా అయిపోయింది.

ఇంటికి వచ్చాక లెక్క వేశాము. ఆ ఎకరంలో సగం నాన్నగారి దగ్గర, సగం పెద్దనాన్నగారి దగ్గర ఉండిపోయింది. మా తమ్ముళ్ళు 1987 నాటి అమ్మకం ధర చొప్పున ఇస్తే సరిపోతుందన్నారు. ఆ డబ్బుకు ఇవాళ ఒక బస్తా విత్తనాలు కూడా రావేమో. ఆమె ఎకరం ఆమె చేతిలో ఉండి ఉంటే ఇవాళ ఎంత చేసేదో అంతా ఇవ్వాలని మేము పట్టుబట్టాము. రెండు రాత్రులు వాదన జరిగింది. పెద్ద తమ్ముడు భోజనం దగ్గర నుంచి లేచిపోయాడు. చివరకు అతడి భార్య, తన పుట్టింటి వాటా సంగతి ఎత్తింది. ఆ తరువాత అతడు ఒప్పుకున్నాడు. మా సగానికి అయ్యే మొత్తం మా జీతం మీద చిన్నది కాదు. కిస్తులుగా ఇస్తామని ఫోను చేస్తే ఫుప్పు సరేనన్నది.

మొదటి కిస్తు రంజాన్‌కు ముందు మేమే తీసుకుపోయాము. ఫుప్పు నోట్లు కొడుక్కి ఇచ్చి లెక్కపెట్టమన్నది. అతడు రెండుసార్లు లెక్కపెట్టి, సరిగ్గా ఉంది అన్నాడు. అప్పుడు ఆమె మా ఇంట్లో పిల్లలెందరు, ఎవరికి ఎవరి పోలిక అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

పెద్దనాన్నగారి కొడుకులు బెంగుళూరులో ఉంటారు. మిగిలిన సగం వాళ్ళ మీద ఉంది. రెండు ఉత్తరాలు రాశాము, ఫోను చేశాము, జవాబు లేదు. వచ్చే నెల మేమే పోతున్నాము. ఫుప్పు కూడా వస్తానంటోంది.