అంట్లు తోము యంత్రము

ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన నేను, అరువది దాటిన పిమ్మట వంటయింట నొక పాఠము నేర్చుకొంటిని. దానిని విన్నవింతును.

నలువదేండ్లు అంట్లు తోమి తోమి నా సహధర్మచారిణి చేతులు బీటలు వాఱినవి. అది చూచి మా కుమారుడు గుడివాడలోని మా యింట డిష్‌వాషరు పెట్టించెను. ఇది నిన్నటి వింత గాదు. అమెరికాలో జోసెఫీన్ కాక్రేన్ అను స్త్రీ యిట్టి యంత్రమునకు 1886లోనే పేటెంటు పొంది, 1893లో చికాగో ప్రదర్శనమున చూపెను.

మొదటినాడు గిన్నెలు సర్దు పని నేనే పైవేసికొంటిని. పొడుగుపాటి గిన్నెలను క్రింది అరలో క్రిక్కిఱియ నుంచితిని. పని ముగిసి తలుపు తెఱవగా, పై అరలోని గిన్నెలకు పప్పు ఎండి యంటియే యున్నది. యంత్రము పనికిరాదంటిని. ఆమె లోపలికి చూచి, "ఏమండీ, నీటికి మీరు త్రోవ విడిచినారా?" యనెను.

తప్పు నాదే. ఇందు కుంచె లేదు, పీచు లేదు. అడుగున చేరిన కొలదినీటిని యంత్రము వేడిచేసి, రంధ్రములు గల చేతులగుండ చిమ్మును. ఆ చిమ్ము వేగముననే చేతులు తిరుగును. నా గిన్నె పైచేతికి అడ్డు తగిలి దానిని తిరుగనీయలేదు. కాలువకు ఎగువవాడు అడ్డుకట్ట వేసినచో దివిసీమ శివారు చేనికి నీరందునా? ఇదియు నంతే.

కావున మెతుకులు, కరివేపాకు, చేపముండ్లు ముందుగా తీసివేయవలెను. ముందే కడుగ నక్కరలేదు. పొడిలోని ఎంజైములు గంజిని, మాంసకృత్తులను విడగొట్టును. పళ్లెముల మొగము నడిమికి, గిన్నెల మూతి క్రిందికి నుండవలెను. ఒకదానిలో నొకటి దూర్చరాదు. కత్తుల మొన క్రిందికుండవలెను. తలుపు మూయుటకు ముందు చేతిని ఒకమాఱు త్రిప్పి చూడవలెను. అడుగు జల్లెడను తఱచుగా కడుగవలెను. ఇత్తడి, రాగి, అల్యూమినియము, ఇనుప పెనము, కొయ్య గరిటె ఇందు పెట్టరాదు.

ఎంగిలినీటినే మరల చిమ్ముట శౌచమా యని మీరడుగవచ్చును. ఆ నీరు జల్లెడలో వడిసి తిరుగును. పిమ్మట దానిని బయటికి తోసి, క్రొత్తనీటితో కడిగి ముగించును.

మచిలీపట్నము, దివిసీమలవారికొక మాట. కఠినజలమును మెత్తబఱచుటకు పలు యంత్రములలో ఉప్పు పోయు చోటు కలదు. అందు వంట ఉప్పు గాక, దానికై యమ్ము ఉప్పే వేయవలెను. ఐనను నీటి ఉప్పదనము దానిచే పోదు. బోరునీరు ఉప్పనైనచో మంచినీరే పట్టవలెను.

ఇప్పుడు రాత్రి భోజనానంతరము గిన్నెలు సర్దుట నా వంతు. ఆమె చేతుల బీటలు మానుచున్నవి. మా తల్లిగారి ఇత్తడి చెంబును మాత్రము చింతపండుతో నేనే తోముదును. సెలవు.